దత్తత వచ్చిన బిడ్డ, ఇంట్లో ఉన్న బిడ్డ: ఇద్దరినీ తోబుట్టువులుగా పెంచడం ఎలా

ఇంట్లో ఆరేడేళ్ల పాప ఉంది. దత్తతకు ఇచ్చే పసిపిల్లలను చూసుకునే సంస్థ అయిన శిశుగృహ నుంచి రెండున్నరేళ్ల పాపను దత్తత తీసుకోబోతున్నారు. కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ కారా పోర్టల్‌లో పేరు నమోదు, ఇంటికి వచ్చి కుటుంబాన్ని పరిశీలించే గృహ అధ్యయనం, కలెక్టర్ ఉత్తర్వు గురించి చెప్పేవాళ్లు చాలామందే దొరుకుతారు. ఆ ఇద్దరు పిల్లలు ఒకరికొకరు ఎలా దగ్గరవుతారని అడిగితే మాత్రం "పిల్లలే కదా, వాళ్లే కలిసిపోతారు" అనేస్తారు. కొన్నిసార్లు కలిసిపోతారు. చాలాసార్లు పెద్దవాళ్లు చేసిన చిన్న తప్పుల వల్ల ఏళ్ల తరబడి కలవరు.

తోబుట్టువు అంటే తోడ పుట్టినవాళ్లని అర్థం. ఈ పిల్లలకు పుట్టుకలో తోడు లేదు కాబట్టి దాన్ని పెంపకంలో కూర్చాలి. అందుకు రెండిటిని కాపాడాలి: ముందునుంచీ ఉన్న బిడ్డ చోటు, కొత్తగా వచ్చిన బిడ్డ కథ. కింద చెప్పే ప్రతి అడుగూ ఈ రెండిటిలో ఏదో ఒకదాని కోసమే. కారా ద్వారా వచ్చే చిన్న బిడ్డను, ఇంట్లో అంతకంటే పెద్ద బిడ్డ ఉన్న కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాం. బంధువుల బిడ్డను పెంచుకునే ఇళ్ల సంగతి చివర్లో ఉంది.

మొదటి అడుగు: వయసు వరస

2022 దత్తత నిబంధనల ప్రకారం ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది పిల్లలున్న దంపతులకు ప్రత్యేక అవసరాలున్న పిల్లలను, త్వరగా కుటుంబం దొరకని పిల్లలను మాత్రమే ఇస్తారు. బంధువుల పిల్లలకు, సవతి పిల్లలకు ఈ పరిమితి లేదు. ఒక్క బిడ్డే ఉన్నవాళ్లు మామూలు వరసలోనే ఉంటారు. దరఖాస్తులో ఏ వయసు బిడ్డ కావాలో రాసేటప్పుడు మీ వయసుతో పాటు ఇంట్లో ఉన్న బిడ్డ వయసు కూడా చూసుకోండి.

నిబంధన కాకపోయినా మా సలహా ఇది: వచ్చే బిడ్డ ఇంట్లో అందరికంటే చిన్నదై ఉండాలి. ఇద్దరి మధ్య కనీసం రెండేళ్ల తేడా ఉండాలి. ఆరేళ్ల పాపకు ఇంట్లో "పెద్దది" అనే హోదా ఉంటుంది. ఎనిమిదేళ్ల పిల్లను తెస్తే ఆ హోదా ఒక్క రాత్రిలో పోతుంది. అది పోయిందని చెప్పడానికి మాటలు రాక పాప కోపంగా మారుతుంది. ఇద్దరూ ఒకే వయసువాళ్లైతే ఇంకో చిక్కు. మార్కులు, ఎత్తు, మాటలు, రంగు అన్నీ రోజూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఆ పోలికలో సంస్థలో పెరిగిన బిడ్డే ఎక్కువసార్లు వెనకబడుతుంది. ఒకే వయసు బిడ్డను తెచ్చుకోవాలనే నిర్ణయించుకుంటే ఇద్దరినీ ఒకే తరగతిలో, ఒకే సెక్షన్‌లో మాత్రం వేయకండి.

రెండో అడుగు: పెద్ద బిడ్డకు ఎప్పుడు, ఎంత చెప్పాలి

చిన్న వయసు బిడ్డ కోసం నిరీక్షణ ఏళ్ల మీద సాగుతుంది. నమోదు చేసిన రోజే "నీకు చెల్లి వస్తోంది" అని నాలుగేళ్ల పాపకు చెబితే, చెల్లి వచ్చేసరికి ఆ మాట మీద నమ్మకం పోయి ఉంటుంది. కానీ గృహ అధ్యయనం నమోదు తర్వాత త్వరగానే జరుగుతుంది కాబట్టి, సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చే పది రోజుల ముందు చెప్పండి, ఎప్పుడొస్తుందో తెలియదని, ఏళ్లు పట్టవచ్చని కూడా అప్పుడే చెప్పండి. ఆమె ఎలాగూ పాపతో మాట్లాడుతుంది. ఇంట్లో ఐదేళ్లు దాటిన పిల్లలుంటే వారి సమ్మతి కూడా అడిగే పత్రాల్లో ఉంటుంది. తెల్ల కాగితం మీద పేరు రాయించి ఆ పని అయిపోయిందనుకోవద్దు. "నువ్వు ఒప్పుకుంటేనే తెస్తాం" అని బరువంతా పాప మీద పెట్టడం కూడా తప్పే. రేపు చెల్లితో గొడవైతే "నేనే తెప్పించాను" అని తనను తానే తిట్టుకుంటుంది. ఇలా చెప్పండి: "ఇది అమ్మా నాన్నా కలిసి తీసుకున్న నిర్ణయం. నీకు ఎలా ఉందో మాకు తెలియాలి. బాగా లేకపోయినా చెప్పు, కోప్పడం."

ఈ దశలో పాపకు మూడు విషయాలు తెలిస్తే చాలు. చెల్లి ఇంకో అమ్మ కడుపులో పుట్టింది. ఆ అమ్మ పెంచలేకపోయింది. అధికారుల ద్వారా, చట్టం ప్రకారం మన ఇంటికి వస్తుంది, ఇక ఎప్పటికీ మనతోనే ఉంటుంది. "ఆడుకోవడానికి తోడు వస్తుంది" అని మాత్రం ఆశ పెట్టకండి. రెండున్నరేళ్ల బిడ్డ మొదటి నెలల్లో ఆడుకోదు. ఏడుస్తుంది, బొమ్మలు విసురుతుంది, అమ్మను వదలదు. ఆ మాట ముందే చెబితే పెద్ద బిడ్డ మోసపోయాననుకోదు.

పాప గది, మంచం, బడి మార్చాలంటే చిన్నది వచ్చే మూడు నెలల ముందే మార్చండి. వచ్చిన వారంలో మారిస్తే "అది వచ్చింది, నన్ను అమ్మ పక్క నుంచి తీసేశారు" అనే లెక్క పాప మనసులో పడిపోతుంది.

మూడో అడుగు: పేరు వచ్చాక, ఇంటికి తెచ్చేలోపు

పోర్టల్‌లో బిడ్డ వివరాలు వచ్చాక 48 గంటల్లో రిజర్వ్ చేసుకోవాలి. ఆ తర్వాత సంస్థకు వెళ్లి బిడ్డను చూసి అంగీకారం తెలపడానికి గడువు 30 రోజులు. ఈ కొద్ది రోజుల్లో చేయాల్సిన పనులు ఇవి.

సంస్థ అనుమతిస్తే ఎనిమిది పది ఫొటోల చిన్న ఆల్బమ్ పంపండి. అమ్మ, నాన్న, అక్క, ఇల్లు, పడుకునే చోటు, కుక్కో పిల్లో ఉంటే అదీ. అక్క గొంతుతో అర నిమిషం రికార్డింగ్ కూడా పంపవచ్చు. బిడ్డ మొదటిసారి అక్కను చూసినప్పుడు ఆ ముఖం పూర్తిగా కొత్తగా ఉండకూడదు.

అక్కడి ఆయమ్మను అడగాల్సినవి రాసుకుని వెళ్లండి: ఏ పేరుతో పిలుస్తారు, ఏం తింటుంది, ఎన్ని గంటలకు పడుకుంటుంది, దీపం ఆర్పితే ఏడుస్తుందా, ఏ పాట పాడితే ఊరుకుంటుంది, అక్కడ ఏ బిడ్డతో ఎక్కువ ఉంటుంది. ఆఖరి ప్రశ్న చాలామంది అడగరు. అక్కడ ఆమెకు తోబుట్టువులాంటి బిడ్డ ఒకరు ఉండి ఉండవచ్చు. ఆ ఎడబాటు దుఃఖమే మీ ఇంట్లో అక్క మీద కోపంగా బయటపడవచ్చు.

బిడ్డ వేసుకుని వచ్చిన గౌను, కప్పుకున్న దుప్పటి రెండు మూడు వారాలు ఉతకకండి. ఆ వాసనే ఆమెకు తెలిసిన లోకం. అయితే తలలో పేలు, చర్మంపై గజ్జి సంస్థల్లో మామూలే కాబట్టి మొదటి వారంలోనే పిల్లల డాక్టరుకు చూపించండి. గజ్జి ఉందంటే బట్టలు ఉతకక తప్పదు, డాక్టరు చెప్పినట్టు ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు రాసుకోవాలి. పెద్ద పాప దువ్వెన, తువ్వాలు మొదటి రెండు వారాలు వేరుగా ఉంచండి, టీకాలన్నీ పూర్తయ్యాయో లేదో చూసుకోండి. ఈ జాగ్రత్తల గురించి చిన్నదాని ముందు "దాన్ని ముట్టుకోకు" అనే మాట మాత్రం నోటి వెంట రాకూడదు.

బిడ్డ వేరే రాష్ట్రం నుంచి వస్తే తెలుగు రాకపోవచ్చు. ఆమె భాషలో పదిహేను మాటలు అక్కకు నేర్పండి: నీళ్లు, పాలు, అన్నం, బాత్రూం, నొప్పి, నిద్ర, రా, వద్దు లాంటివి. ఇంట్లో ఆ మాటలు ముందుగా అక్కకే వస్తే ఆ పిల్లకు ఆమె అవసరం ఏర్పడుతుంది. మా ఉద్దేశంలో బంధం మొదలయ్యేది ప్రేమ మీద కాదు, ఇలాంటి చిన్న అవసరం మీదే.

నాలుగో అడుగు: గడప దాటిన రోజు, తర్వాతి మూడు వారాలు

హారతి ఇస్తే ఇద్దరినీ గడప దగ్గర పక్కపక్కన నిలబెట్టి ఇవ్వండి. ఇల్లు చూపించే పని అక్కది. మొదటి గంటలోపు అమ్మ చేతులు ఒకసారి ఖాళీ అయి, పెద్దదాన్ని ఒళ్లోకి తీసుకోవాలి. నాన్న చిన్నదాన్ని ఎత్తుకున్నప్పుడు ఏడ్చినా సరే.

చుట్టాలను మూడు వారాలు ఆపండి. వచ్చేవాళ్లతో ముందే చెప్పండి: తెస్తే ఇద్దరికీ తేవాలి, లేదా ఎవరికీ వద్దు. బారసాల చేయదలచుకుంటే నెల దాటాక పెట్టుకోండి. బియ్యంలో పేరు రాసేటప్పుడు నాన్న చేతితో పాటు అక్క చేయి కూడా ఉంచితే ఆ ఫొటో జీవితాంతం పనికొస్తుంది. చిన్నదానికి పుట్టినప్పటి ఫొటోలు ఉండవు కాబట్టి ఇలాంటివి ఎక్కువగా తీసి పెట్టుకోవాలి.

రోజూ 20 నిమిషాలు పెద్దదానికి మాత్రమే. తలుపు వేసుకుని, ఫోను పక్కన పెట్టి, ఏం ఆడాలో ఆమె చెప్పినట్టు. గంట సేపు వారానికోసారి కంటే రోజూ 20 నిమిషాలే పనిచేస్తుంది. పిల్ల అలిగేది రేపు అమ్మ దొరుకుతుందో లేదో తెలియకే.

సంస్థ హాలులో పదిమంది పిల్లల మధ్య, రాత్రంతా వెలిగే దీపం కింద పడుకున్న బిడ్డకు చీకటి గది భయం. చిన్న దీపం ఉంచండి. అమ్మానాన్నల గదిలోనే వేరే పరుపు వేయండి. అప్పటిదాకా పెద్దది అమ్మ పక్కన పడుకుంటూ ఉంటే ఆ పక్క మార్చవద్దు.

ఐదో అడుగు: మొదటి ఆరు నెలల గొడవలు

అన్నం. సంస్థలో వడ్డించింది వెంటనే తినకపోతే పక్కవాడు తినేస్తాడు. అందుకే కొత్త బిడ్డ వేగంగా తింటుంది, అక్క పళ్లెంలోది లాగుతుంది, ఇడ్లీ ముక్కను దిండు కింద దాస్తుంది. దీన్ని దొంగతనం అనకండి. అందేంత ఎత్తులో అరటిపళ్ల గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచండి, ఇద్దరికీ ఒకే క్షణంలో వడ్డించండి. అక్క పళ్లెం అక్కదే. "చిన్నది కదా, పెట్టు" అనవద్దు. ఆహారం ఎప్పుడూ ఉంటుందని నమ్మకం కుదిరాక దాచడం దానంతటదే తగ్గుతుంది. అందుకు నెలలు పట్టవచ్చు.

బొమ్మలు. మూడు పెట్టెలు పెట్టండి. తాళం ఉన్నది అక్కది. రెండోది చెల్లిది, అందులో కొత్తవి కనీసం ఐదారు ఉండాలి. మూడోది ఇద్దరిదీ. "నాది" అనే మాట తెలియని బిడ్డకు "నీది" అన్న మాట అర్థం కాదు. కాబట్టి పంచుకోవడం నేర్పే ముందు సొంతం చేసుకోవడం నేర్పాలి. తాళం పెట్టెను చూసి పెద్దలు బాధపడతారు గానీ, ఆ తాళం ఉన్న ఇళ్లలోనే అక్క తనంతట తాను పెట్టె తెరిచే రోజు త్వరగా వస్తుంది.

కొట్టడం, కొరకడం. ముందు విడదీయండి. దెబ్బ తగిలినవాళ్లను మొదట చూడండి, అది ఎవరైనా సరే. తర్వాత కొట్టినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని "కోపం వస్తే నా దగ్గరికి రా, కొట్టకూడదు" అని ఒకే వాక్యం చెప్పండి. సంస్థ నుంచి వచ్చిన బిడ్డను గదిలో ఒంటరిగా ఉంచే శిక్ష వద్దు. అది ఆమెకు మళ్లీ వదిలేసినట్టే. బలవంతంగా సారీ చెప్పించడం, ముద్దు పెట్టించడం కూడా వద్దు. నియమం ఇద్దరికీ ఒకటే, అమలు చేసే తీరు వేరు. ఆ తేడాను పెద్దదానికి విప్పి చెప్పండి, లేకపోతే పక్షపాతం అనుకుంటుంది. అనుకోవడంలో తప్పు కూడా లేదు.

పెద్దది చిన్నపిల్లలా మారడం. పక్క తడపడం, ముద్దుమాటలు, పాలసీసా అడగడం. రెండు మూడు వారాలు అడిగింది ఇవ్వండి, వెక్కిరించవద్దు. "నువ్వు పెద్దదానివి, సర్దుకో" అనే మాటను ఆరు నెలలు ఇంట్లోంచి తీసేయండి. మన ఇళ్లలో అక్కాచెల్లెళ్ల మధ్య అసూయ పుట్టించే మాట అదే. ఈ మార్పు మూడు నెలలు దాటినా తగ్గకపోతే డాక్టరును కలవాలి.

ఐదేళ్లు దాటిన బిడ్డను తెచ్చుకుంటే ఇంకో జాగ్రత్త. ఆమె ఇంతకుముందు ఏం చూసిందో, ఏం అనుభవించిందో కాగితాల్లో పూర్తిగా ఉండకపోవచ్చు. మొదటి ఆరు నెలలు పిల్లలిద్దరినీ మూసిన గదిలో పెద్దవాళ్లు లేకుండా ఉంచకండి. పడకలు, స్నానాలు, బట్టలు మార్చుకోవడం వేరువేరుగా ఉండాలి. శరీర భద్రత నియమాలు ఇద్దరినీ కూర్చోబెట్టి ఒకేసారి చెప్పండి. ఒక్కరికే చెబితే అది నేరం మోపినట్టవుతుంది.

ఆరో అడుగు: మాటలు

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి. బంధాన్ని చెడగొట్టేది ఎక్కువగా మాటలే.

"నిన్ను తవుడిచ్చి కొనుక్కున్నాం", "చెత్తకుప్ప దగ్గర దొరికావు" అని పిల్లల్ని ఏడిపించడం మనకు అలవాటు. ఈ ఇంట్లో ఆ సరదా ఆ రోజుతో ఆగిపోవాలి. తాతయ్యలు, బాబాయిలు, ఇంటి పనమ్మాయి, అందరికీ ముందే చెప్పాలి. అలాగే అల్లరి చేసినప్పుడు "మళ్లీ అక్కడికే పంపించేస్తాం" అనడం. ఆ మాట విన్న పెద్దది రెండు నేర్చుకుంటుంది: బిడ్డను తిరిగి పంపించవచ్చని, తనకూ ఆ గతి పట్టవచ్చని. అక్కే కోపంలో ఆ మాట అంటే మీరు అదే నిమిషంలో కలగజేసుకోండి: "ఈ ఇంట్లోంచి ఎవరినీ పంపరు. చెల్లినీ పంపరు, నిన్నూ పంపరు."

"అది నా సొంత చెల్లి కాదుగా?" అని అక్క అడిగితే తిట్టకుండా జవాబివ్వండి. "నువ్వు నా కడుపులో పెరిగావు. చెల్లి ఇంకో అమ్మ కడుపులో పెరిగింది. ఇప్పుడు ఇద్దరూ మన ఇంట్లో పెరుగుతున్నారు. కోర్టు కాగితంలో కూడా మీరిద్దరూ అక్కాచెల్లెళ్లే." "కోర్టు" అనడం పిల్లల సౌలభ్యం కోసం. 2021లో చట్టం సవరించాక దత్తత ఉత్తర్వు ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేట్. ఆ కాగితాన్ని ఏడెనిమిదేళ్లొచ్చాక ఇద్దరికీ చూపించవచ్చు.

చుట్టాలు "ఎంత పుణ్యం చేసుకున్నారో" అంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ వినే పిల్లల్లో ఒకరు దానం పుచ్చుకున్నట్టు, ఒకరు దానం చేసిన ఇంటివారసురాలైనట్టు విడిపోతారు. "పుణ్యం కోసం కాదండీ, మాకు ఇంకో బిడ్డ కావాలనిపించింది" అని పిల్లల ముందే చెప్పండి. "ఇద్దరిలో మీ సొంత పాప ఎవరు?" అని అడిగితే "ఇద్దరూ" అని అక్కడితో ఆపేయండి.

దత్తత సంగతి చిన్నదానికి మాటలు రాకముందు నుంచీ చెబుతూనే ఉండాలి. నిద్రపుచ్చేటప్పుడు చెప్పే కథల్లో ఒకటిగా. ఇక్కడ ఒక నియమం తప్పనిసరి: చెల్లి గతం గురించి చెల్లికి తెలియనిది అక్కకు తెలియకూడదు. ఎక్కడ దొరికింది, ఎవరు అప్పగించారు, ఎందుకు అన్నవి చెల్లి సొత్తు. ముందే అక్కకు తెలిస్తే పన్నెండేళ్ల వయసులో ఒక గొడవ మధ్య ఆ మాట బయటికొస్తుంది. ఆ తర్వాత దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి వల్లా కాదు.

దత్తత తర్వాత కన్న బిడ్డ పుడితే "పెంచుకుంటే కడుపు పండింది" అంటారు. ఆ మాటతో మొదటి బిడ్డ ఇంకొకరి రాకకు మెట్టులా మారిపోతుంది. ఆ బిడ్డ వింటుండగా ఆ మాట ఎవరినీ అననివ్వకండి.

ఏడో అడుగు: బడి

స్కూలు ప్రాజెక్టుల్లో రెండు ముందే తెలుసుకుని ఉండండి: వంశవృక్షం, పసిపాప ఫొటో. చెల్లి దగ్గర నెలల పిల్లప్పటి ఫొటో ఉండదు. ఇంటికి వచ్చిన రోజు ఫొటో ఇచ్చి పంపండి, టీచరుతో ముందురోజు మాట్లాడండి. తరగతిలో దత్తత విషయం చెప్పాలా వద్దా అన్నది చెల్లి ఇష్టం, అక్క చెప్పకూడదు. అక్కకు ఒక సిద్ధమైన జవాబు నేర్పండి: "అది మా ఇంటి విషయం." రాఖీ రోజు, కార్తీకంలో భగినీ హస్త భోజనానికి తోబుట్టువుల వరసలు ఇంట్లో అందరికీ ఉన్నట్టే పాటించండి. ప్రత్యేకంగా ఏమీ కలపవద్దు.

పదహారు పదిహేడేళ్లప్పుడు మూలాలు తెలుసుకోవాలనిపించవచ్చు. 18 ఏళ్లు నిండేవరకు తల్లిదండ్రులతో కలిసి, నిండాక తనంతట తాను అధికారులకు దరఖాస్తు చేసుకునే హక్కు ఆమెకు ఉంది. ఆ సమయంలో కంగారు పడేది ఎక్కువగా అక్కే: "మేం చాలలేదా?" అని. ఆమెతో విడిగా కూర్చుని మాట్లాడాల్సింది అప్పుడే.

బంధువుల బిడ్డ అయితే

అన్నదమ్ముల్లో ఒకరి బిడ్డను ఇంకొకరు పెంచుకోవడం మనకు పాత అలవాటే. పెదనాన్న పిల్లలు, బాబాయి పిల్లలు ఎలాగూ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లే కాబట్టి అక్కడ పిలుపు మారదు. బిడ్డను మేనమామకో మేనత్తకో ఇస్తే మాత్రం వరసే తిరగబడుతుంది. ఒక తల్లి కడుపున పుట్టిన అన్న బావ అవుతాడు, చెల్లి మరదలు అవుతుంది. పెళ్లిళ్లలో బావామరదళ్ల సరసాలు మొదలవుతాయి. ఎవరికీ చెప్పకుండా దాచిన ఇళ్లలో ఇది నిజంగా ప్రమాదం. 1956 హిందూ దత్తత చట్టం కూడా దత్తత వెళ్లిన బిడ్డకు పుట్టింటి వైపు పెళ్లికి నిషిద్ధమైన వరసలు అలాగే ఉంటాయని చెబుతోంది. కాబట్టి మొదటి రోజు నుంచే అన్నను అన్నగానే పిలిపించండి, ఎందుకో చెప్పండి.

అదే చట్టంలో ఇంకో మెలిక ఉంది. కొడుకు ఉండగా ఇంకో కొడుకును, కూతురు ఉండగా ఇంకో కూతురిని ఆ చట్టం కింద దత్తత తీసుకోకూడదు. దస్తావేజు రిజిస్టర్ చేయించినా అది చెల్లదు. ముప్పయ్యేళ్ల తర్వాత పొలం పంపకంలో కన్న కొడుకు భార్య తరఫువాళ్లు ఈ సంగతి తవ్వుతారు, అప్పటిదాకా కలిసి పెరిగిన అన్నదమ్ములు కోర్టులో ఎదురెదురుగా నిలబడతారు. బాలల న్యాయ చట్టం 2015 కింద తీసుకుంటే ఈ అడ్డంకి లేదు, బిడ్డకు కన్నబిడ్డతో సమానంగా వారసత్వం వస్తుంది. దత్తత ఉత్తర్వు, కొత్త జనన ధ్రువపత్రం, ఆధార్, రేషన్ కార్డుల్లో పేర్లు ఒకేలా ఉన్నాయో లేదో మొదటి ఏడాదిలోనే సరిచూసుకోండి. వీలునామా రాస్తే ఇద్దరి పేర్లూ రాయండి, "దత్తపుత్రిక" అని విడిగా గుర్తు పెట్టకుండా "నా కుమార్తెలు" అని.

సాయం ఎప్పుడు అడగాలి

దేశంలో దత్తత అయ్యాక రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి సంస్థ తరఫున వచ్చి చూస్తారు. విదేశాలకు వెళ్లిన బిడ్డ విషయంలో మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి నివేదిక ఉంటుంది. అమెరికాలోని తెలుగు ఇళ్లలో అక్క ఇంగ్లిష్ మాత్రమే మాట్లాడుతుంటే చెల్లికి భాషే మొదటి గోడ అని ఆ నివేదికలో రాయించండి. వచ్చినవాళ్ల ముందు "అంతా బాగానే ఉంది" అనకండి. పిల్లల మధ్య గొడవలను తేదీలతో ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టి చూపించండి.

ఆగకుండా వెళ్లాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఒక బిడ్డ ఇంకో బిడ్డను చూసి వణకడం, నిద్రలో పదేపదే అరవడం, గాయపరచే ఆటలు, బడికి వెళ్లనని వారాల తరబడి మొండికేయడం, "నేను పుట్టకుండా ఉంటే బాగుండేది" అనడం. జిల్లా బాలల పరిరక్షణ విభాగాన్ని, మిమ్మల్ని చూసుకున్న దత్తత సంస్థను అడిగితే కౌన్సెలర్ దగ్గరికి పంపిస్తారు. ఫోన్లో మాట్లాడాలంటే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416, పిల్లల రక్షణకు 1098. కౌన్సెలర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇద్దరు పిల్లలనూ తీసుకెళ్లండి. చిన్నదాన్ని ఒక్కదాన్నే తీసుకెళ్తే, ఇంట్లో తేడా ఉన్నది తనలోనేనని ఆ పిల్ల అనుకుంటుంది. పెద్దది కూడా తేడా చెల్లిలోనే ఉందనుకుంటుంది.